రెండు చుట్లు తిరిగి ఆగిన కారు

పందెం అనగానే మన పల్లెల్లో బండలాగుడు పోటీలు కళ్ళముందు మెదులుతాయి. ఎడ్లజత బండను ఎంత దూరం లాగిందో కొలిచి చెప్పేవరకు ఎవరూ ఇంటికి కదలరు. గెలిచిన జత యజమాని పేరు నాలుగూళ్ళలో మారుమోగుతుంది. అయితే ఓడిపోయినవాని పేరును ప్రపంచమంతా యాభై ఏళ్ళుగా తలచుకుంటున్న పందెం ఒకటుంది. అది 1976లో జరిగిన ఫార్ములా వన్ కార్ల పోటీ. ఈ నెల దానిని గూర్చి తెలుసుకుందాం. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి.

ఫార్ములా వన్ కారులో ఒక్కరికే చోటు ఉంటుంది. నేలకు ఆనుకున్నట్లుగా ఉంటుంది, పైకప్పు ఉండదు, నాలుగు చక్రాలూ బయటికే కనబడతాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన పరుగెత్తిన విద్యుత్ కార్లు కూడా ఈ ఒంటి సీటు జాతివే. ఫార్ములా వన్‌లో ఒక్క పందెంతో విజేత తేలడు. ఏడాది పొడవునా దేశదేశాల్లో పందాలు జరుగుతాయి. 1976లో అవి 16. ఆ రోజుల్లో మొదట వచ్చినవారికి 9 పాయింట్లు, తరువాతి అయిదుగురికి వరుసగా 6, 4, 3, 2, 1 ఇచ్చేవారు. ఏడాది చివర ఎక్కువ పాయింట్లున్నవాడే ప్రపంచ విజేత.

ఇద్దరు స్నేహితులు

ఆ ఏడాది పోరాటం ఇద్దరి మధ్య సాగింది. ఒకరు ఆస్ట్రియా దేశస్థుడు నికీ లౌడా. వియన్నాలో ధనవంతుల ఇంట 1949లో పుట్టాడు. కార్ల పందాలు ఇంటివారికి ఇష్టం లేకపోవడంతో అప్పులు చేసి ఈ రంగంలోకి వచ్చాడు. ఇటలీకి చెందిన ఫెరారీ జట్టు తరఫున 1975లో ప్రపంచ విజేత అయ్యాడు. ప్రతిదీ లెక్కవేసి, ఆచితూచి నడిపే మనిషి.

రెండవవాడు ఇంగ్లండు వాడైన జేమ్స్ హంట్. 1947లో పుట్టాడు. మెక్లారెన్ జట్టు తరఫున అతని మొదటి ఏడాది 1976. తాగుడు, విందులు, విచ్చలవిడి జీవితం అతని పేరుతో ముడిపడి ఉండేవి. స్టీరింగు పట్టుకుంటే మాత్రం అతని వేగానికి తిరుగులేదు. స్వభావంలో ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలే గాని, పత్రికలు రాసినట్లు శత్రువులు కారు, స్నేహితులు.

సంవత్సరం మొదట్లో లౌడాదే పైచేయి. వసంతకాలంలో ఇంటి దగ్గర ట్రాక్టరు తిరగబడి అతని పక్కటెముకలు విరిగాయి. ఆ నొప్పితోనే మే 2న స్పెయిన్‌లో రెండవ స్థానంలో వచ్చాడు. అక్కడ గెలిచినది హంట్. కాని కారు వెడల్పు నిబంధనకంటే 1.8 సెంటీమీటర్లు ఎక్కువగా ఉన్నదని అతని గెలుపును కొట్టివేశారు. అప్పీలు చేసుకుంటే జూలైలో తిరిగి ఇచ్చారు.

కొండల మధ్య మంటలు

ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో పందెం. అడవి కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోయే దారి అది. ఒక్క చుట్టే దాదాపు 23 కిలోమీటర్లు. ఒకచోట వాన కురుస్తుంటే మరొకచోట ఎండ కాస్తుంది. ప్రమాదం జరిగితే ఆ పొడవునా మంటలార్పేవారిని, వైద్యులను వెంటనే చేర్చడం సాధ్యం కాదు. ఇక్కడ పందెం వద్దని ముందుగా చెప్పినది లౌడాయే. అతడు ఆ దారికి జంకే మనిషేమీ కాదు. 1975లో దానిని 7 నిమిషాల లోపు చుట్టివచ్చిన మొదటి మనిషి అతడే. అయినా ఎక్కువమంది డ్రైవర్లు పందెం జరగాలన్నారు. నలుగురి నిర్ణయానికి తలవంచి అతడూ బయలుదేరాడు.

రెండవ చుట్టులో అతని కారు అదుపు తప్పి గట్టుకు గుద్దుకుని, తిరిగి దారిమీదికి వచ్చి పడింది. పెట్రోలు అంటుకుంది. వెనుక వస్తున్న కారు తప్పుకోలేక దానిని ఢీకొంది. లౌడా తలమీది హెల్మెట్ అప్పటికే ఊడిపోయింది. నడుముకు కట్టిన బెల్టు ఊడక మంటల్లో చిక్కుకుపోయాడు.

అప్పుడు పరుగెత్తినవారు రక్షక సిబ్బంది కారు, తోటి పోటీదారులు. గై ఎడ్వర్డ్స్, బ్రెట్ లంగర్, హెరాల్డ్ ఎర్టల్, ఆర్టురో మెర్జారియో తమ కార్లు ఆపి మంటల దగ్గరికి వెళ్ళారు. మెర్జారియో ఆ మంటల్లోనే చేతులు పెట్టి బెల్టు విప్పాడు. ఈ మెర్జారియో 1973లో ఫెరారీ జట్టులో ఉన్నవాడు. 1974లో అతనికి చోటు లేకపోయింది, లౌడాకు దొరికింది. తన చోటిలోకి వచ్చిన మనిషిని మంటల్లోనుండి లాగకుండా ఆ సంగతి అతనిని ఆపలేదు. పాత లెక్కలు మనసులో దాచుకునే మనలాంటి వారందరం ఒక్క నిమిషం ఇక్కడ ఆగి ఆలోచించాలి.

లౌడా తల, ముఖం కాలిపోయాయి. కుడి చెవి చాలావరకు పోయింది. అంతకంటే ప్రమాదం, విషపు పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం. ఆసుపత్రిలో కేథలిక్ గురువు వచ్చి మరణించబోయేవారికి చేసే ప్రార్థన కూడా చేశాడు. ఆగిన పందెం అదే రోజు మళ్ళీ మొదలై హంట్ గెలిచాడు. లౌడా మంచంమీద ఉండగానే ఫెరారీ వారు కార్లోస్ రూటెమన్ అనే మరో డ్రైవరును కుదుర్చుకున్నారు.

ఆరు వారాలకు

లౌడా పోగొట్టుకున్నది రెండు పందాలు మాత్రమే. సెప్టెంబర్ 12న, అంటే ప్రమాదం జరిగిన సరిగ్గా 42వ రోజున, ఇటలీలోని మోంజాలో మళ్ళీ కారెక్కాడు. తలకు కట్లు అలాగే ఉన్నాయి, హెల్మెట్ తీస్తే కట్టుకు రక్తం. భయంతో బిగుసుకుపోయానని తరువాత తానే ఒప్పుకున్నాడు. ఆ భయంతోనే నడిపి నాలుగవ స్థానంలో వచ్చాడు.

ఆ నెల 24న మరో తీర్పు వచ్చింది. జూలైలో ఇంగ్లండులో హంట్ గెలిచిన పందెం చెల్లదని, ఆ గెలుపు లౌడాదని అన్నారు. హంట్ కుంగిపోలేదు. అక్టోబరులో కెనడాలోను, అమెరికాలోను వరుసగా గెలిచాడు. చివరి పందానికి లౌడాకు 68 పాయింట్లు, హంట్‌కు 65.

ఫుజి కొండ కింద

అక్టోబర్ 24, జపాన్‌లో ఫుజి. కుండపోత వాన, పొగమంచు. దారిమీద నీళ్ళు పారుతున్నాయి. ముందు కారు చిమ్మే నీటిలో వెనుకవానికి ఏమీ కనబడదు. మొదలుపెట్టడానికి చాలాసేపు తటపటాయించారు. కాని టెలివిజను ప్రసారానికి ప్రపంచమంతా ఏర్పాట్లు జరిగిపోయాయి. పొద్దు తిరుగుతోంది. చివరికి పందెం మొదలుపెట్టారు.

లౌడా కనురెప్పలు కాలిపోయి ఇంకా సరిగా మూతపడడం లేదు. రెండు చుట్లు తిరిగాడు. కారును పక్కకు తెచ్చి ఆపాడు. దిగిపోయాడు. ప్రపంచ కిరీటం చేతికందే దూరంలో ఉంది. జట్టు ఇంజనీరు మౌరో ఫోర్గియేరి అతనిని కాపాడాలనుకున్నాడు. ఇంజను చెడిపోయిందని చెబుదామన్నాడు. అలా చెబితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. లౌడా ఒప్పుకోలేదు. ఈ వానలో నడపడం ప్రాణాపాయం, అందుకే ఆపాను అని ఉన్నమాట చెప్పాడు.

హంట్ మాత్రం చాలాసేపు అందరికంటే ముందు నడిచాడు. తరువాత దారి ఆరుతూ వచ్చింది. వానకు వేసిన టైర్లు పొడి నేలమీద అరిగిపోయాయి. చివర్లో ఒక టైరు గాలి పోయి ఆగవలసి వచ్చింది. తిరిగి బయలుదేరేసరికి అయిదవ స్థానం. అక్కడే ఆగితే అతనికి 67, విజేత లౌడాయే. మిగిలిన కొద్ది చుట్లలో ఇద్దరిని దాటి మూడవ స్థానంలో ముగించాడు. తాను ఓడిపోయాననుకుని కోపంతో కారు దిగాడు. నువ్వే విజేతవని జట్టువారు చెప్పినా నమ్మలేకపోయాడు. హంట్ 69, లౌడా 68. ఒక్క పాయింటు తేడా.

తరువాత ఏమైంది?

ఇటలీ పత్రికలు లౌడాను పిరికివాడని రాశాయి. మోంజాలో రక్తపు కట్లతో వచ్చినప్పుడు వీరుడన్నవారే ఇప్పుడు ఈ మాట అన్నారు. అతడు వాదించలేదు. 1977లో మళ్ళీ ప్రపంచ విజేత అయ్యాడు. 1984లో మూడవసారి గెలిచాడు, అదీ కేవలం అర పాయింటు తేడాతో. కాలిన ముఖాన్ని అందంగా మార్చుకోవడానికి శస్త్రచికిత్సలు చేయించుకోలేదు, కనురెప్పలు మాత్రం బాగుచేయించుకున్నాడు. ఎర్ర టోపీ పెట్టుకుని అలాగే నలుగురిలో తిరిగాడు. 1997లో సొంత తమ్ముడు తన కిడ్నీ ఇచ్చి అతని ప్రాణం నిలబెట్టాడు. 2019 మే 20న తన 70వ ఏట కన్నుమూశాడు. హంట్ 1979లో పందాలు మానేసి టెలివిజనులో వ్యాఖ్యాత అయ్యాడు. 1993లో గుండెపోటుతో 45వ ఏట పోయాడు. న్యూర్‌బర్గ్‌రింగ్ పొడవాటి దారిమీద 1976 తరువాత ఫార్ములా వన్ పందెం మళ్ళీ జరగలేదు. 

ప్రియ పాఠకులారా, మోంజాలో కారెక్కినవాడు, ఫుజిలో కారు దిగినవాడు ఒక్కడే. ఎక్కడానికి ఎంత ధైర్యం కావాలో, అందరూ చూస్తుండగా దిగడానికి, దిగిన కారణాన్ని దాచకుండా చెప్పడానికి అంతకంటే ఎక్కువ కావాలి. వానాకాలంలో మన ఊరి వాగు పొంగుతుంది. బండిలో భార్యాబిడ్డలు ఉంటారు. "ఏం కాదు, పోనివ్వరా" అని ఒడ్డున ఉన్నవారు కేకలు వేస్తారు. ఎద్దులను వెనక్కి తిప్పితే నవ్వుతారు. నవ్వినా సరే, వెనక్కి తిప్పండి. మర్నాడు నీళ్ళు తీశాక వాగు దాటవచ్చు.