రెక్కల మీద నడిచిన అమ్మాయిలు

సర్కస్ గుడారంలో ఒక ఊయల మీద నుంచి ఇంకో ఊయలకు దూకే అమ్మాయిలను మీరు చూసే ఉంటారు. పొరపాటున పట్టు తప్పినా ఫరవాలేదు, కింద వల కట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ వల తీసేశారనుకోండి. గుడారమూ లేదు, పైన ఆకాశమే. కాళ్ళ కింద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం రెక్క. దాని మీద ఒక అమ్మాయి లేచి నిలబడి, కింద పొలంలో గుమిగూడిన జనానికి చెయ్యి ఊపుతోంది!

ఇది కట్టుకథ కాదు. 1920లలో అమెరికాలో ఊరూరా జనం డబ్బిచ్చి చూసిన ప్రదర్శన.

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి కర్టిస్ కంపెనీ తయారు చేసిన జె.ఎన్-4 విమానాలు వేలకొద్దీ మిగిలిపోయాయి. వీటి ముద్దుపేరు ‘జెన్నీ’. ప్రభుత్వం వాటిని కారుచౌకగా అమ్మేసింది. విమానం నడపడం తప్ప మరో పని రాని కుర్రవాళ్ళు వాటిని కొని, ఊళ్ళవెంట తిరుగుతూ గాలిలో విన్యాసాలు చేసి పొట్ట పోసుకునేవారు. వారిలో ఓర్మర్ లాక్లియర్ అనే అతను సైన్యంలో ఉన్నప్పుడే, గాలిలో ఎగురుతూ ఉండగా రెక్క మీదికి పాకడం అలవాటు చేసుకున్నాడు. జనం విరగబడి చూశారు. ఇక అందరూ అదే బాట పట్టారు. (లాక్లియర్ 1920 ఆగస్టులో, ఒక సినిమా షూటింగులో విమానం కూలి చనిపోయాడు.)

అసలు రెక్క మీద నడవడం ఎలా సాధ్యం? ఈనాటి జెట్ విమానం రెక్క మీద ఎవరూ నడవలేరు. జెన్నీకి ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలుండేవి. వాటి మధ్య కర్ర స్తంభాలు, అడ్డంగా నిలువుగా బిగించిన ఉక్కు తీగలు. అంటే చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుందన్నమాట. కాని రెక్క చెక్కపలక కాదు సుమా! సన్నటి కర్ర చట్రం మీద బిగించిన గుడ్డ, దాని మీద వార్నిషులాంటి పూత, అంతే. లోపల కర్ర ఎక్కడుందో తెలుసుకుని సరిగ్గా అక్కడే అడుగు వెయ్యాలి. అంగుళాలు తేడా వస్తే కాలు గుడ్డలోంచి దిగిపోతుంది.

ఇక గాలి సంగతి. మోటారు సైకిలు వెనక కూర్చున్నప్పుడు గాలి ముఖానికి కొట్టడం మీకు తెలుసు. వేగం రెట్టింపైతే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కి.మీ. వేగంలో నిటారుగా నిలబడ్డ మనిషిని గాలి దాదాపు 30 కిలోల బరువంత బలంతో వెనక్కి నెడుతుంది. ఒక పెద్ద సిమెంటు బస్తాలో సగానికి పైగా బరువు ఛాతీ మీద ఆనించి తోస్తున్నట్లు ఊహించుకోండి. ఆ తోపు విమానాన్ని కూడా వెనక్కి లాగుతుంది. జెన్నీ ఇంజను శక్తి 90 అశ్వశక్తి. ఈనాటి ఓ మోస్తరు కారుకు ఉండేదీ అంతే. దాని గరిష్ఠ వేగం గంటకు 120 కి.మీ. వేగం 70కి తగ్గిందా, రెక్కలు విమానాన్ని మొయ్యలేవు, కిందికి జారిపోతుంది. ఈ రెండు అంకెల మధ్యనే ఆటంతా.

పార్కులో తూగుడుబల్ల ఎక్కారు కదూ? విమానం కూడా అలాంటిదే. అన్నీ కలిపి సుమారు 870 కిలోల బరువుండే జెన్నీలో, 50 కిలోల అమ్మాయి మధ్య నుంచి 5 మీటర్ల దూరం రెక్క చివరికి నడిస్తే ఆ రెక్క కిందికి వాలిపోతుంది. బరువు కొంచెమే అయినా దూరం ఎక్కువ గనుక భ్రామకం ఎక్కువ. ఆమె వేసే ప్రతి అడుగుకూ పైలట్ రెక్క చివరలోని కదిలే పలకలను సరిచేస్తూ పోవాలి. ఆమె ఎటు కదులుతుందో అతనికి ముందే తెలియాలి. అందుకే ఈ విద్యలో ఒక్కరి ధైర్యం చాలదు.

ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. లిలియన్ బోయర్ అనే అమ్మాయి షికాగోలో ఒక హోటల్లో వడ్డన చేసేది. 1921లో భోజనానికి వచ్చిన వాళ్ళు ఆమెను విమానం ఎక్కమని పిలిచారు. ఎక్కింది. రెండోసారి ఎక్కినప్పుడు రెక్క మీదికి వెళ్ళింది! తర్వాత బిల్లీ బ్రాక్ అనే పైలట్ దగ్గర శిక్షణ పొంది, 1929 దాకా 352 ప్రదర్శనలిచ్చింది. వేగంగా పోతున్న కారులో నిలబడి, పైనుంచి వేలాడే తాడు నిచ్చెన అందుకుని విమానంలోకి ఎక్కడం ఆమె ప్రత్యేకత. అలా 143 సార్లు ఎక్కింది. ఇక్కడ చిన్న లెక్క ఉంది. విమానం నెమ్మదిగా పోతే పడిపోతుంది, కాబట్టి కారే విమానం వేగాన్ని అందుకోవాలి. రెండింటి వేగం ఒకటైతే సాపేక్ష వేగం సున్నా. అప్పుడు నిచ్చెన ఆమెకు గోడకు ఆనించిన నిచ్చెనలా కదలకుండా కనిపించాలి. పుస్తకంలో అంతే! గాలికి ఊగే నిచ్చెనకు మాత్రం ఈ లెక్క తెలియదు.

లాస్ ఏంజెలిస్‌లో ‘13 నల్ల పిల్లులు’ అనే ముఠా ఉండేది. అపశకునాలను వెక్కిరించడానికే ఆ పేరు. వాళ్ళలో గ్లాడిస్ ఇంగిల్ పై రెక్క మీద నిలబడి గురి చూసి బాణాలు వేసేది. ఒక ఫిల్ములో ఆమె, చక్రం ఊడిన విమానం దగ్గరికి మరో విమానంలో వెళ్ళి, వీపుకు కట్టుకున్న చక్రంతో దాని మీదికి మారి, కిందికి దిగి చక్రం బిగించడం కనిపిస్తుంది. పక్కనే ఇంకో విమానంలో కెమెరా సిద్ధంగా ఉందంటే ఇది ముందే ఏర్పాటు చేసుకున్నదని మీరు గ్రహించే ఉంటారు. అయితేనేం, గాలి మాత్రం నిజమైనదే.

నాకు వీరందరిలోకి ఎక్కువ ఇష్టం ఫీబీ ఫేర్‌గ్రేవ్. 1902లో పుట్టిన ఈమె హైస్కూలు చదువు ముగిస్తూనే వారసత్వంగా వచ్చిన డబ్బుతో ఒక జెన్నీ కొనేసింది. నడపడం రాదు! నడపడానికి వెర్నన్ ఓమ్లీ అనే పైలట్‌ను పెట్టుకుంది. రెక్క మీద చార్ల్‌స్టన్ నాట్యం చేసింది, పళ్ళతో పట్టుకుని విమానం కింద వేలాడింది. పారాచ్యూట్‌తో దూకి, గాలిలోనే దాన్ని కోసేసి, కొంత దూరం రాయిలా పడి, రెండో పారాచ్యూట్ తెరిచేది. 1921 జూలై 10న 15,200 అడుగుల ఎత్తు నుంచి దూకింది. స్త్రీలలో అప్పటికి అది రికార్డు. మరుసటి ఏడాది పైలట్ ఓమ్లీనే పెళ్ళాడింది.

అందరి కథా ఇలా సాగలేదు. బెస్సీ కోల్‌మన్ టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి యువతి. అమెరికాలో ఏ పాఠశాలా ఆమెకు విమానం నేర్పలేదు. ఫ్రెంచి భాష నేర్చుకుని, ఫ్రాన్సు వెళ్ళి, 1921 జూన్ 15న లైసెన్సు తెచ్చుకుంది. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మర్నాడు పారాచ్యూట్‌తో దూకాల్సిన చోటు చూసుకోవడానికి పైకి వెళ్ళింది. నడుపుతున్నది ఆమె మెకానిక్. అంచు మీదుగా వంగి కిందికి చూడాలి గనుక బెల్టు పెట్టుకోలేదు. విమానం ఒక్కసారిగా తలకిందులైంది. ఆమె జారిపడి చనిపోయింది. విమానం కూలి మెకానిక్ కూడా చనిపోయాడు. కంట్రోళ్ళ గేర్లలోకి ఒక పానా జారి ఇరుక్కుపోయిందని తర్వాత తేలింది. రెక్క మీద నడిచేవారి ప్రాణం వాళ్ళ కాళ్ళలో, చేతుల్లోనే కాదు, ఎవరో మరిచిపోయిన పానాలో కూడా ఉండేదన్నమాట.

1926లో అమెరికా ప్రభుత్వం విమానయాన చట్టం చేసింది. పాత జెన్నీలకు కొత్త పరీక్షల్లో నెగ్గడం కష్టమైంది, జనం తలల మీదుగా తక్కువ ఎత్తులో ఎగరడం కుదరలేదు. తక్కువ ఎత్తులో ఎగరకపోతే కారులోంచి నిచ్చెన అందేదెలా? 1929లో లిలియన్ బోయర్ ఈ పని మానేసింది.

ఫీబీ మాత్రం అప్పటికే రెక్క మీద నుంచి పైలట్ సీటులోకి మారిపోయింది. భర్తతో కలిసి మెంఫిస్‌లో విమాన పాఠశాల పెట్టింది. 1927లో మిసిసిపి నదికి మహా వరద వస్తే ఇద్దరూ విమానాల్లో సాయం అందించారు. అదే సంవత్సరం రవాణా పైలట్ లైసెన్సూ, విమాన మెకానిక్ లైసెన్సూ సంపాదించింది. అమెరికా స్త్రీలలో ఆమే మొదటిది. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమెకు విమానయాన సలహా సంఘంలో ఉద్యోగమిచ్చాడు. అన్ని ప్రమాదాలు దాటి వచ్చిన వెర్నన్, 1936లో ప్రయాణికుడిగా ఎక్కిన విమానం కూలి చనిపోవడం ఎంత విచిత్రం!

ఆ రోజుల్లో పైలట్లు దారి తప్పితే కింద ఏ ఊరుందో తెలిసేది కాదు. ప్రతి 15 మైళ్ళకూ ఒకచోట పెద్ద భవనం కప్పు మీద ఆ ఊరి పేరు ఆకాశం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయించే పథకాన్ని ఫీబీ ముందుకు తెచ్చింది. దాని కోసం తోటి మహిళా పైలట్లను నియమించి రాష్ట్రాల వెంట పంపింది. వాళ్ళు ఊరూరా దిగి పురపాలక సంఘాల వారిని ఒప్పించి, కప్పుల మీదికి రంగు డబ్బాలు ఎక్కించారు.