యంత్రమునకు యజమాని ఎవరు?

రేడియో ఉన్న ప్రతి ఇంటిలోను ఒకప్పుడు తపాలా కచేరి ఇచ్చిన లైసెన్సు పుస్తకము కూడ ఉండెడిది. 1980ల దశకములో రద్దగువరకు దానికి రుసుము చెల్లింపవలసి యుండెను. యజమాని పేరు ఆ పుస్తకములో ఉండెను గాని, రేడియోకు మాత్రము తన యజమాని ఎవరో తెలియదు. మీట త్రిప్పినవారి కెల్ల అది పాడెడిది. నేటి యంత్రముల సంగతి అట్లు కాదు. ఫోనుగాని కారుగాని తన యజమానిని తానే గుర్తుపట్టును. అందుచేత సొమ్మిచ్చి వస్తువు పుచ్చుకొన్నంత మాత్రమున అమ్మకము ముగిసినట్లు కాదు.

ధర్మవరములో మగ్గము నేయు ఒకాయన హిందూపురము బజారులో పాతఫోను కొనెననుకొందము. నేసిన పట్టుచీరకు ఫొటో తీసి బేరగాండ్రకు పంపవలెను. వచ్చు సొమ్మును ఆ ఫోనులోనే యు.పి.ఐ. ద్వారా పుచ్చుకొనవలెను. ఇల్లు చేరి, ఫోనును తుడిచి కొత్తగా మొదలుపెట్టబోగా, అది మునుపటి యజమాని ఖాతా వివరము అడిగి మొండికేసెను. ఆ యజమాని ఎవరో ఈయనకు తెలియదు. ఇచ్చిన వేలకు ఒక అద్దపుబిళ్ల మిగిలినది!

తప్పు ఫోనుది కాదు. దొంగ చేతిలో పడినప్పుడు కూడ అది ఇట్లే మొండికేయవలెనని 2013 మొదలు 2015 నడుమ ఆపిల్, గూగుల్ సంస్థలు ఈ కట్టుదిట్టమును ప్రవేశపెట్టినవి. దొంగకును, కొన్నవారికిని భేదము యంత్రమునకు తెలియవలెనన్న, అమ్మినవారు తమ హక్కును దానికి అర్థమగు భాషలో విడిచిపెట్టవలెను.

పెనుకొండ కోటవంటి కోటయే చేతులు మారినదనుకొనుడు. తాళపుచెవుల గుత్తి అప్పగించినంత మాత్రమున కొత్త దొరకు నిద్రపట్టునా? పాతవారికడ నకలు ఉండవచ్చును. బీగమునే మార్పింపవలెను. పాస్‌వర్డు చెప్పి వస్తువు అమ్ముట ఈ గుత్తి అప్పగించుట వంటిదే. చెప్పినవారు దానిని మరచిపోరు గదా!

దీనికి 1976లో డిఫీ, హెల్‌మన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మార్గము చూపిరి. ప్రతివారికిని రెండు చెవుల జత ఉండును. రహస్యపుచెవిని యజమాని ఎన్నడును విడువరాదు. బహిరంగపుచెవిని ఎవరికైనను చూపవచ్చును. మొదటిదానితో చేసిన సంతకమును రెండవదానితో సరిచూడవచ్చును. కాని రెండవదానినుండి మొదటిదానిని రాబట్టుట ఆచరణలో సాధ్యము కాదు.

మన ప్రాంతములో పొలము కొనువారు రిజిస్ట్రారు కచేరికి పోకముందే లింకు దస్తావేజులు అడుగుదురు. ఎవరినుండి ఎవరికి వచ్చినదో వరుసగా తేలవలెను. ఫైడో అను సంస్థల కూటమి 2021లో ప్రకటించిన పద్ధతి అచ్చముగా ఇదియే. కర్మాగారములోనే తయారీదారు బహిరంగపుచెవికి సంబంధించిన గుర్తు యంత్రములో ఉంచబడును. అమ్మునప్పుడు తయారీదారు, "ఇకమీద ఇది ఈ బహిరంగపుచెవి గలవారిది" అని సంతకము చేయును. టోకువర్తకుడు తన తరువాతివారికి, వారు కొన్నవారికి అట్లే వ్రాయుదురు. యంత్రమును మొదట తగిలించినప్పుడు అది ఈ గొలుసు నంతను సరిచూచును. ఒక్క సంతకము తప్పినను లోబడదు. అన్నియు సరిపోయినచో కొత్త యజమాని గుర్తును ఉంచుకొని పాతదానిని విడిచిపెట్టును. ఇన్ని చేతులు మారినను, ఎవరి రహస్యపుచెవియు వారిని విడిచిపోలేదు. కిటుకంతయు అక్కడనే యున్నది.

ఈ పద్ధతి ముఖ్యముగా పరిశ్రమలలోని యంత్రములకు ఉద్దేశించినది. ఇంటి ఫోనుకు ఇట్టి దస్తావేజు లేదు గనుక ఆ పని మనమే చేయవలెను. అమ్మువారు ముందు యు.పి.ఐ. నుండి తప్పుకొని, సిమ్ము తీసి, తమ ఖాతాను తొలగించి, ఆ పిమ్మటనే ఫోనును తుడువవలెను. క్రమము తప్పరాదు. తుడుచుట యనగా లోపలి ఫొటోలను ఒక్కొక్కటిగా చెరుపుట కాదు. అవి గుప్తలిపిలో ఉండును, ఆ లిపిని విప్పు చెవిని నాశనము చేసినచో చాలును. కొనువారు సొమ్మిచ్చుటకు ముందే తమ ఖాతాను ఎక్కించి చూడవలెను. ఫోనుకు గల 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను సంచార్ సాథీలో పరీక్షించినచో అది అడ్డగింపబడిన ఫోనా కాదా తెలియును. ఈ సదుపాయము దేశమంతట 2023 మే నెలలో వచ్చినది.

కార్లకును ఇదే చిక్కు. పెనుకొండ దాపున ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. ఏ సంస్థవైనను, నేటి కార్ల తాళపుచెవిలో సాధారణముగా చిన్న చిప్పు ఉండును. కారు ఒక సంఖ్యను పంపగా, చిప్పు తనలోని రహస్యముతో లెక్కకట్టి బదులిచ్చును. అది సరిపోయినగాని ఇంజను కదలదు. ఆర్.సి.లో పేరు మారినను కారు జ్ఞాపకములో పాత చెవి మిగిలియుండవచ్చును. పాతకారు కొన్నవారు తమ చేతికిరాని చెవుల నన్నింటిని సర్వీసు కేంద్రములో రద్దు చేయింపవలెను. అమ్మినవారి ఫోనులో కారు ఖాతా ఉన్నచో దానిని ఎదుటనే తీసివేయించుట మేలు. లేనిచో మీ కారు ఎక్కడ ఆగినదో వారికి ఇంటనుండియే కనిపించవచ్చును.

ఇక మన ధర్మవరము ఆయన సంగతి. దుకాణదారునిద్వారా పాత యజమానిని పిలిపించి, ఆయనచేతనే ఖాతా వివరము ఎక్కించి తాళము తీయింపవలెను. అందుకు ముందు, కొన్ననాడు బిల్లు వ్రాయించుకొనెనో లేదో అడుగవలెను.