చింపి పారేస్తే సరిపోతుందా?

1984లో కాలిఫోర్నియాలోని లగూనా బీచ్ పోలీసులు చెత్తబండి వాళ్లతో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఫలానా ఇంటిముందు పెట్టిన సంచుల్ని మిగతా చెత్తలో కలపకుండా తమకు తెచ్చివ్వాలి. వాటిలో దొరికిన ఆధారాలు చూపి వారెంటు తెచ్చుకుని ఆ ఇల్లు సోదా చేశారు. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. రోడ్డు పక్కన వదిలేసిన చెత్త కుక్కలైనా, పిల్లలైనా, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లైనా విప్పగలిగేదే కాబట్టి దానికి గోప్యత ఆశించలేరని 1988లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు పోలీసుల సంగతి. దొంగకైతే వారెంటు బెడద కూడా లేదు.

మరి మన సంచుల్లో ఏం పడుతున్నాయి? కార్డు మంజూరైంది, సంతకం పెడితే చాలని ఊరించే ఉత్తరాలు, క్రెడిట్ కార్డు కంపెనీలు పంపే ఖాళీ చెక్కులు, ఆసుపత్రి బిల్లులు, పాత పే స్టబ్బులు. ఒకదాంట్లో పుట్టిన తేదీ, ఇంకోదాంట్లో ఖాతా నంబరు, మరోదాంట్లో సంతకం. అన్నీ ఒకే సంచిలో దొరికితే అప్పు పుట్టించడానికి కావలసిన సరంజామా చాలావరకు సమకూరినట్టే. మెడికేర్ కార్డుల మీదనైతే 2018 దాకా సోషల్ సెక్యూరిటీ నంబరునే ముద్రించేవారు. ఆ కాలం నాటి కార్డులు, కాగితాలు పెద్దవాళ్ల సొరుగుల్లో ఉన్నాయేమో ఒకసారి వెతకాలి.

అడ్డంగా రెండుసార్లు చింపి బుట్టలో వేయడం చాలా ఇళ్లలో అలవాటు. అది చాలదని చెప్పడానికి టెహ్రాన్ కథ ఒక్కటి చాలు. 1979లో అక్కడి అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు చుట్టుముట్టినప్పుడు సిబ్బంది రహస్య పత్రాలను యంత్రంలో వేసి సన్నటి పట్టీలుగా కోసేశారు. ఇరానీయులు తివాచీలు నేసేవాళ్లను కూర్చోబెట్టి ఆ పట్టీలను ఓపిగ్గా పక్కపక్కన చేర్చి, చదివి, సంపుటాలుగా అచ్చువేశారు! తర్వాత 2011లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా, ముక్కలైన ఐదు పత్రాల చిక్కు విప్పినవారికి 50,000 డాలర్లని పోటీ పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఒకటి కంప్యూటర్ల సాయంతో గెలిచింది. కాకపోతే పది వేలకు పైగా ముక్కలతో వాళ్లు నెలకు పైగా కుస్తీ పట్టాల్సివచ్చింది. మన కరెంటు బిల్లు కోసం అంత శ్రమ ఎవరూ పడరు.

కనుక ష్రెడర్ కొనేటప్పుడు పెట్టె మీద పి-4 అని ఉందో లేదో చూడాలి. ఇది జర్మన్ ప్రమాణం. పి-2 రకం కాగితాన్ని 6 మిల్లీమీటర్ల పట్టీలుగా కోస్తే చాలు, అంటే ఓ 36 పట్టీలు. పి-4లో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు, అంటే అదే కాగితం 370 ముక్కలకు పైమాటే.

అసలు చిక్కు ఏది చింపాలన్న దగ్గర వస్తుంది. ఏదీ పారేయని ఇల్లు ఒకటైతే, సంక్రాంతి శుభ్రంలో అన్నీ ఊడ్చేసే ఇల్లు ఇంకొకటి. రెండోది మరీ ప్రమాదం. ఇమ్మిగ్రేషన్ శాఖ పంపిన ఐ-797 నోటీసులు, చదువుకున్న రోజుల ఐ-20లు, వీసాలున్న పాత పాస్‌పోర్టులు ష్రెడర్ దరిదాపులకు కూడా రాకూడదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు వేళ పదేళ్ల నాటి కాగితం అడిగినా ఆశ్చర్యం లేదు. పన్నుల ఆధారాలకు ఐఆర్ఎస్ సాధారణంగా మూడేళ్లు చాలంటుంది. రిటర్నులో చూపిన ఆదాయంలో నాలుగోవంతుకు మించిన మొత్తాన్ని చూపకుండా వదిలేస్తే ఆరేళ్లు. ఇండియాలోని ఖాతాల గురించి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేసేవారు ఆ వివరాలను ఐదేళ్లు దాచాలి. గడువు దాటిన బ్యాంకు స్టేట్‌మెంట్లను నిస్సంకోచంగా చింపేయొచ్చు. కొత్త అప్పుల ఊరింపు ఉత్తరాలు అసలు రాకుండా ఆప్ట్-అవుట్ ప్రీస్క్రీన్ వెబ్‌సైట్లో ఐదేళ్లపాటు ఆపించుకోవచ్చు. శాశ్వతంగా కావాలంటే సంతకం చేసిన ఫారం పోస్టులో పంపాలి.

ఇండియాలో అమ్మానాన్నల దగ్గర దారి వేరు. అక్కడ కాగితాలు చెత్తలోకి పోవు, కిలోల లెక్కన పాతపేపర్లతో పాటు తూకానికి పోతాయి. వాటి మధ్యలో ఆధార్ జిరాక్సులు, పింఛను కాగితాలు, ఎల్ఐసీ రసీదులు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దిగుమతి చేసుకోవచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నగారి ఫోన్లో అది పెట్టి, బీరువా మీది పాత జిరాక్సుల కట్ట దించితే ఓ పూట పని.