చిన్న చిత్రము - ప్రేక్షకుని నాడి

చలనచిత్రము జయించునో, అపజయము పాలగునో ముందుగా తెలిసికొనవలెనను కోరిక చిత్రపరిశ్రమ యంత పాతది. పెద్ద సంస్థలకు ఒక చిత్రము నష్టము తెచ్చినను, మరియొకటి ఆ లోటును పూడ్చును. స్వల్పధనముతో స్వతంత్రముగా ఒక్క చిత్రమును తీయు నిర్మాతకు అట్టి వెసులుబాటు లేదు. పొలము తాకట్టు పెట్టియో, మిత్రులవద్ద అప్పు తెచ్చియో ఆతడు తీసిన చిత్రమునకు ప్రదర్శనశాలలో దొరకు గడువు తరచు ఒక్క వారమే. కావున ప్రేక్షకుల అభిరుచిని పరిశోధించు పద్ధతు లెట్టివి, వానిని ఎంతవరకు నమ్మవచ్చును అను విషయమును విచారింతము.

ఈ పరిశోధనకు మూలసూత్రము ఎన్నికలనుండి వచ్చినది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నిక సందర్భమున లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు కోటిమందికి ప్రశ్నపత్రములు పంపి, ఇరువది లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుచునని ప్రకటించెను. గెలిచినవాడు రూజ్‌వెల్ట్. ఆ పత్రిక పేర్లను విశేషముగా టెలిఫోను పుస్తకములనుండి, మోటారుకార్ల జాబితాలనుండి గ్రహించినది. పేదల అభిప్రాయము అందులో తగినంతగా చేరలేదు. పైగా, శ్రమపడి జవాబు వ్రాసినవారి భావము, ఊరకున్నవారి భావము ఒకటి కాకపోయెను. జార్జి గాలప్ అంతకంటె మిక్కిలి తక్కువమందినే ప్రశ్నించినను, వివిధ వర్గములనుండి ఎంపిక చేసికొనుటచే సరియైన ఫలితమును ముందే చెప్పగలిగెను. ఎందరి నడిగితిమను దానికంటె ఎవరి నడిగితిమనునదే ముఖ్యమని దీనివలన తేలినది.

ఈ గాలపే 1940లో హాలీవుడ్డు కొరకు ఆడియన్స్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థను నెలకొల్పెను. ఆర్.కె.ఓ. సంస్థయే గాక, స్వతంత్ర నిర్మాతలైన శామ్యూల్ గోల్డ్‌విన్, డేవిడ్ సెల్జ్‌నిక్, వాల్ట్ డిస్నీ కూడ దాని సేవలను వినియోగించుకొనిరి. కథాసంగ్రహమును, చిత్రనామమును, నటీనటుల పేర్లను జనులకు తెలిపి, అట్టి చిత్రమును చూడగోరుదురా యని అడుగుట ఒక పద్ధతి. చిత్రమును గూర్చి ఎందరు విన్నారో లెక్కించుట రెండవది. పూర్తియైన చిత్రమును కొందరికి చూపి, చేతిలోని మీటను త్రిప్పుచు ఇష్టానిష్టములను క్షణక్షణము తెలుపుమనుట మూడవది.

అయితే అభిప్రాయము నిలకడ కలది కాదు. 1948 అధ్యక్ష ఎన్నికలో గాలప్ అంచనాయే తప్పినది. పోలింగునకు చాల దినములు ముందే ప్రశ్నించుట మానివేసినందున, తరువాత వచ్చిన మార్పు ఆయన లెక్కలోనికి రాలేదు. చిత్రనిర్మాణమునకు ఏడాది, రెండేండ్లు పట్టును. ప్రారంభమున అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు విడుదలనాటికి చెల్లునని చెప్పజాలము.

మరియొక చిక్కు కలదు. చూడని కొత్తదనమును గూర్చి ప్రేక్షకుడు తన కోరికను ముందుగా చెప్పలేడు. 1955లో కలకత్తాలో విడుదలయిన సత్యజిత్ రాయ్ చిత్రము ‘పథేర్ పాంచాలి’కి మొదట జనము పలుచగా వచ్చిరి. ఒకటి రెండు వారములలో, చూచినవారి మాటయే ప్రచారమై, శాలలు నిండినవి. తొలి దినముల వసూళ్ళనుబట్టి తీర్పు చెప్పినచో ఆ చిత్రమున కెంత అన్యాయము జరిగియుండెడిదో ఊహింపవచ్చును. అమెరికాలో డి వేనీ, వాల్స్ అను ఆర్థికవేత్తలు 1984 మొదలు 1996 వరకు విడుదలయిన రెండువేలకు పైబడిన చిత్రముల వసూళ్ళను పరిశీలించి, ప్రఖ్యాత తారలున్నను విజయము నిశ్చయము కాదనియు, అరుదుగా వచ్చు కొద్ది ఘనవిజయములే సగటును పెంచుచున్నవనియు 1999లో వెల్లడించిరి. కావున గడచిన చిత్రముల సగటును చూచి రాబోవు చిత్రమునకు వ్యయము నిర్ణయించుట ప్రమాదకరము.

మన తెలుగునాట 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ను తలచుకొందము. విశాఖపట్టణమందలి ఆ పేటవాసులే అందు పెక్కు పాత్రలు ధరించిరి. తారల పాత వసూళ్ళను కొలబద్దగా కొన్నచో ఆ చిత్రమున కెట్టి అంచనాయు కట్టజాలము. అయినను అది ప్రేక్షకుల మన్ననను పొందినది.

మరి చిన్న నిర్మాతకు మార్గమేమి? అంచనాకంటె చిన్న ప్రయోగము మేలని మాకు తోచుచున్నది. సుమారు పదునైదువేల డాలర్లతో 2007లో సిద్ధమయిన ‘పారానార్మల్ ఆక్టివిటీ’ని 2009లో మొదట కొద్ది విశ్వవిద్యాలయ పట్టణములలో మాత్రమే ప్రదర్శించి, తమ ఊరికి చిత్రము కావలెననువారిని ఇంటర్నెట్టు ద్వారా కోరుమనిరి. పదిలక్షల కోరికలు వచ్చిన పిమ్మట దేశమంతట విడుదల చేసిరి. ప్రపంచమంతట కలిపి పందొమ్మిది కోట్ల డాలర్లకు పైగా వసూలైనది. అన్ని చిత్రములకు ఇంతటి భాగ్యము పట్టదు. కాని జనము వచ్చినకొలది శాలలను పెంచు పద్ధతిలో నష్టమునకు ఒక హద్దు ఉండును.

కావున నిర్మాత పరిశోధకుని అడుగవలసినది “నా చిత్రము జయించునా?” అని కాదు. ఇది ఎవరికి నచ్చును, వారెచట నున్నారు, వారు మాత్రమే వచ్చినచో ఎంత వ్యయము తిరిగివచ్చును అని. మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబు చిత్రీకరణకు ముందే తెలిసినయెడల, వ్యయమును దానికి లోబరచుకొనవచ్చును. అప్పుడు చిత్రము ఆడకున్నను ఆతని పొలము నిలుచును, రెండవ చిత్రము తీయు అవకాశమును మిగులును.