లైటు వెలిగితే చాలదు

పాణ్యం స్టేషన్ మీదుగా నంద్యాల వెళ్లే రైలు మార్గం ఒకప్పుడు మీటర్ గేజ్. అంటే పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. 1990లలో దాన్ని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. ఇందులో ఆ దూరం 1676 మిల్లీమీటర్లు. పాత రైలు పెట్టె ఎంత గట్టిగా ఉన్నా కొత్త పట్టాల మీద నడవదు. తప్పు పెట్టెదీ కాదు, పట్టాలదీ కాదు. ఒకదానికొకటి కుదరవు, అంతే. సర్వర్లకు ఉమ్మడి స్టోరేజీని కలిపేటప్పుడు నెట్‌వర్క్ కార్డు దగ్గర కూడా సరిగ్గా ఇలాంటి చిక్కే వస్తుంది. మన హాస్టల్లో చదివి కంప్యూటర్ కోర్సులకు వెళ్తున్న తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉమ్మడి స్టోరేజీ అంటే ఏమిటి?

హాస్టల్లో ట్రంకు పెట్టె ఎవరిది వారిది. బియ్యం, పప్పు ఉండే స్టోర్ రూమ్ మాత్రం అందరిది. సర్వరు లోపలి హార్డ్ డిస్కు ట్రంకు పెట్టె లాంటిది. తాళంచెవి పోతే లోపలి వస్తువు అందనట్లే, ఆ సర్వరు ఆగిపోతే అందులోని డేటా అందదు. అందుకని స్టోరేజీని విడిగా ఒకచోట పెట్టి, రెండు మూడు సర్వర్లను నెట్‌వర్క్ ద్వారా దానికి కలుపుతారు. ఒకటి పాడైతే ఇంకొకటి అదే డేటాతో పని అందుకుంటుంది.

ఇలా కలిపే పద్ధతుల్లో ఐ-స్కజీ ఒకటి. డిస్కుకు ఇచ్చే ఆదేశాలను ఇది మామూలు నెట్‌వర్క్ మీదుగానే పంపుతుంది. దీని ప్రమాణ పత్రం 2004 ఏప్రిల్‌లో వెలువడింది. దాన్ని రాసిన ఐదుగురిలో ఒకరి పేరు మల్లికార్జున్ చదలపాక. 2014లో వచ్చిన సవరించిన పత్రంలో ఆయన పేరే మొదట ఉంది. శ్రీశైలం ఉన్న జిల్లా వాళ్లం కదా, ఆ పేరు చూడగానే ఈ చదువు మనకు దూరమైనది కాదనిపించింది.

మేము చేసిన పొరపాటు

పీజీ ప్రాజెక్టు కోసం మేము కొందరం కలిసి రెండు పాత సర్వర్లను ఒక స్టోరేజీ మిషన్‌కు కలపాలనుకున్నాం. స్టోరేజీకి వేరే దారి ఉండాలి కాబట్టి అదనంగా కార్డులు కావాలి. తలా కొంత డబ్బు వేసుకున్నాం. అందులో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్ డబ్బే. ఏ కార్డు కొనాలో చెప్పింది నేను. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో బాగా పనిచేస్తున్నది, ధర తక్కువ అని చెప్పాను.

కార్డు బిగించాం. కేబుల్ పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. సర్వరు సాఫ్ట్‌వేర్‌లో చూస్తే మాత్రం కార్డు జాడ లేదు. మూడు రోజులు కేబుళ్లు మార్చాం, స్లాట్లు మార్చాం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాం. షాపాయన పాడైన కార్డు అంటగట్టాడని మాలో మేము తిట్టుకున్నాం. అదే కార్డు డెస్క్‌టాప్‌లో పెడితే చక్కగా పనిచేసింది. ప్రాజెక్టు రివ్యూ ముందున్నది, డబ్బు అయిపోయింది, సలహా నాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వరుసగా చూడవలసినవి

ఒకటి: కార్డు మిషన్‌కు కనిపిస్తోందా? లైటు వెలిగితే కార్డుకు కరెంటు, అవతలి స్విచ్‌తో సంబంధం ఉన్నాయని మాత్రమే అర్థం. సిస్టమ్ దాన్ని గుర్తించిందని కాదు. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశాన్ని -nn జోడించి ఇస్తే లోపల ఉన్న కార్డులన్నీ తమ గుర్తింపు సంఖ్యలతో కనిపిస్తాయి. మొదటి సంఖ్య తయారీ సంస్థది, రెండోది మోడల్‌ది. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. మనం మైక్రోప్రాసెసర్ పాఠంలో చదివే సంఖ్యే. పెట్టె మీద ఉన్న పేరును కాదు, ఈ సంఖ్యను నమ్మాలి. ఒకే పేరుతో అమ్మే కార్డుల్లో వేర్వేరు చిప్‌లు ఉండవచ్చు.

రెండు: దానికి డ్రైవరు ఉందా? ఇక్కడ కార్డు కనిపించి, నెట్‌వర్క్ జాబితాలో కనిపించకపోతే లోపం డ్రైవరు దగ్గరే అనుకోవచ్చు. దీనికి పేరున్న ఉదాహరణ వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ. 2013లో వచ్చిన 5.5 నుంచి రియల్‌టెక్ డ్రైవర్లను అందులో కలిపి ఇవ్వడం మానేశారు. 2020లో వచ్చిన 7.0లో లైనక్స్ డ్రైవర్లను వాడుకునే పాత ఏర్పాటునే తీసేశారు. 6.7లో బయటి డ్రైవరుతో నడిచిన కార్డు 7.0లో కనిపించకుండా పోవడం ఇందువల్లే.

మూడు: కంపాటిబిలిటీ జాబితాలో ఉందా? ఏ కార్డు, ఏ వెర్షన్, ఏ డ్రైవరు, ఏ ఫర్మ్‌వేర్ కలిసి పనిచేస్తాయో సాఫ్ట్‌వేర్ సంస్థలే జాబితా ఇస్తాయి. 2023లో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్ ఈ జాబితాను ఉచితంగానే ఉంచింది. మేము పదిహేను నిమిషాలు దాన్ని చూసి ఉంటే ఆ కార్డు కొనేవాళ్లం కాదు.

నాలుగు: దారి పొడవునా కొలత ఒకటేనా? మామూలు నెట్‌వర్క్‌లో ఒక్కో ప్యాకెట్ పరిమాణం 1500 బైట్లు. స్టోరేజీ కోసం దీన్ని 9000కు పెంచుతారు. అప్పుడు సర్వరు, స్విచ్, స్టోరేజీ మూడూ దానికి ఒప్పుకోవాలి. కొన్ని చవక కార్డులు అంత దూరం రావు. ఒక్కచోట తేడా ఉన్నా చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు కాపీ చేయగానే ఆగిపోతుంది. పరీక్షించడానికి, ముక్కలు చేయవద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపాలి. శీర్షికలకు పోయే 28 బైట్లు కలిపితే 9000 అవుతుంది. అది వెళ్లకపోతే అన్నింటినీ 1500కు తెచ్చి, పని నడిచాక పెంచుకోవాలి.

చివరకు ఏమైంది?

జాబితాలో ఉన్న మోడల్ సెకండ్ హ్యాండ్ కార్డులు తెచ్చి పెట్టాం. వెంటనే కనిపించాయి. తర్వాత పెద్ద ఫైళ్ల దగ్గర ఆగింది. స్విచ్ ఇంకా 1500 దగ్గరే ఉందని పింగ్ చెప్పింది. సరిచేశాక నడిచింది. రివ్యూ గట్టెక్కింది. పాత కార్డులను షాపాయన సగం ధరకు వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ను అన్న మాటలకు నాకే సిగ్గేసింది.

తమ్ముళ్లూ, డబ్బున్నవాళ్లు ఒక కార్డు పోతే ఇంకొకటి కొంటారు. మనం కొనేముందే చూసుకోవాలి. ఒకసారి ఒక మార్పే చేయండి, చేసినదల్లా నోటుబుక్కులో రాసుకోండి. ఇక వస్తువునో మనిషినో తప్పుపట్టే ముందు, రెండింటికీ గేజ్ కుదిరిందా అని ఒకసారి చూడండి.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.