కారు వెనుక చక్రాల దారి తప్పించే చిన్న బుష్‌లు

మన తాతల కాలంలో ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టి, కడచీల బిగువుగా ఉన్నదో లేదో చేతితో కదిపి చూసేవారు. బండి ఎంత దృఢమైనదైనా, కదిలే భాగమూ కదలని భాగమూ కలిసేచోటనే అరుగుదల ఆరంభమవుతుందని వారికి అనుభవం నేర్పింది. నేటి మోటారు కారుకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.

ఆస్ట్రేలియాలో పెరిగిన మన పిల్లల్లో కొందరికి హోల్డెన్ కమొడోర్, ఫోర్డ్ ఫాల్కన్ వంటి శక్తిమంతమైన కార్లంటే మక్కువ. ఫోర్డ్ సంస్థ 2016లో, హోల్డెన్ సంస్థ 2017లో ఈ దేశంలో కార్ల తయారీని నిలిపివేశాయి. కనుక ఇప్పుడు చేతులు మారుతున్న ఈ కార్లన్నీ ఏటేటా వయసు మీరుతున్నవే. వాటిలో కొన్నింటికి పూర్వపు యజమానులు పొట్టి స్ప్రింగులు, వెడల్పాటి టైర్లు అమర్చి ఉంటారు. అటువంటి కారులో తొలుత బలయ్యే భాగాలలో వెనుక సస్పెన్షన్ బుష్ ఒకటి.

బుష్ చేసే పని

చక్రాన్ని కారు చట్రానికి కలిపే ఇనుప భుజాల చివర బుష్‌లు ఉంటాయి. లోపల ఒక ఉక్కు గొట్టం, వెలుపల మరొక గొట్టం, నడుమ రెండింటికీ అతుక్కున్న రబ్బరు: ఇదే దాని నిర్మాణం. భుజం పైకీ కిందికీ ఊగినప్పుడు గొట్టాలు ఒకదానిపై ఒకటి జారవు. నడుమనున్న రబ్బరే మెలితిరిగి, మరల యథాస్థితికి వస్తుంది. అందువల్ల దీనికి కందెన అవసరం లేదు. అయితే ఎండ, చమురు, మట్టిరోడ్ల గతుకులు, కాలం కలిసి ఆ రబ్బరును క్రమంగా చీలుస్తాయి.

మార్పులు చేసిన కారులో ఈ పని త్వరగా జరుగుతుంది. భుజం పొడవు 400 మిల్లీమీటర్లు అనుకుందాం. కారును 40 మిల్లీమీటర్లు దించితే ఆ భుజం దాదాపు 6 డిగ్రీలు తిరుగుతుంది. బుష్ బోల్టును వదులు చేసి కొత్త ఎత్తులో తిరిగి బిగించకపోతే, కారు నిలిచి ఉన్నప్పుడు సైతం రబ్బరు ఆ 6 డిగ్రీల మెలికలోనే ఉంటుంది. తడిగుడ్డను పిండి అలాగే పట్టుకున్నట్లు! ఇక గతుకు వచ్చినప్పుడు ఆ మెలిక మరింత పెరుగుతుంది. స్ప్రింగులు మార్చినవారు తరచుగా మరచిపోయే పని ఇదే.

1997లో వచ్చిన వి.టి. కమొడోర్ వెనుక భాగంలో సెమీ ట్రైలింగ్ ఆర్మ్ అనే ఏటవాలు భుజాల అమరిక ఉండేది. ఇటువంటి అమరికలో కారును దించితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, వాటి దిశ కూడా మారుతుంది. 2001లో వి.ఎక్స్. రెండవ శ్రేణిలో దిశను అదుపుచేసే అదనపు లింకును చేర్చారు. 2006 నాటి వి.ఇ. నమూనాకు బహుళ లింకుల అమరిక వచ్చింది.

దిశలో స్వల్ప భేదం ఎంత నష్టం చేస్తుందో చూడండి. మెల్బోర్న్ నుండి సిడ్నీకి సుమారు 880 కిలోమీటర్లు. రెండు వెనుక చక్రాలూ చెరి అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, ఆ ప్రయాణంలో ఒక్కొక్క టైరు ఏడున్నర కిలోమీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోయినట్లే లెక్క. పైనుండి కొత్తగా కనిపించే టైరు లోపలి అంచున నరాలు తేలడానికి కారణమిదే.

లోపాన్ని గుర్తించే క్రమం

మొదట చెవితో వినాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు వెనుకనుండి 'ఠక్' మంటే భుజాల బుష్‌లను, డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే మౌంటింగ్‌లను అనుమానించాలి. చిన్న గతుకులపై మాత్రమే చిటపటలాడితే స్టెబిలైజర్ బార్ లింకులు కారణం కావచ్చు. వేగంతోపాటు పెరిగే హోరు బేరింగుదో, ఎగుడుదిగుడుగా అరిగిన టైరుదో కావచ్చు. శబ్దం వినగానే షాక్ అబ్సార్బర్లు మార్చడం డబ్బు దండగ.

తరువాత టైరు లోపలి అంచును అరచేతితో తడమాలి. ఒకవైపు నునుపుగా, మరొకవైపు రంపపు పళ్లలా తగిలితే చక్రం దిశ తప్పినట్లే. ఎలైన్‌మెంట్ చేయించిన కొద్ది వారాలకే మరల తప్పితే, బుష్‌లో కదలిక ఉన్నదని బలంగా అనుమానించాలి.

ఆపైన కంటితో పరీక్షించాలి. బరువు చక్రాలపైనే ఉండేలా ర్యాంపుపైకి ఎక్కించి చూడడం ఉత్తమం. గాలిలో వేలాడే భుజం చీలికను దాచవచ్చు. లోపలి గొట్టం నడుమ నుండి పక్కకు జరిగిందా, రబ్బరు గొట్టాన్ని వదిలిందా, లోహం లోహానికి తగిలి మెరుపు గీత పడిందా అని గమనించాలి. ఇనుప కమ్మీతో మెల్లగా ఎత్తి కుడి, ఎడమలను పోల్చాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి ఎన్నడూ దూరరాదు.

బాగుచేసే విధం

బుష్‌లను రెండు వైపులా జతగా మార్చాలి. రబ్బరు బుష్ బోల్టులను కారు తన సహజమైన ఎత్తులో నిలిచి ఉన్నప్పుడే, నిర్దేశించిన టార్క్‌తో చివరిసారి బిగించాలి. ఆ వెంటనే నాలుగు చక్రాల ఎలైన్‌మెంట్ చేయించాలి.

గట్టిదైన పాలీయురిథేన్ బుష్‌ను యువకులు ఇష్టపడతారు. అది మెలితిరగదు, గొట్టంపై జారుతుంది. కనుక తగిన గ్రీజు కావాలి. అనేక దిశలలో ఒదగవలసిన చోట దానిని బిగిస్తే భుజం పట్టేసే ప్రమాదం ఉంది. గట్టిదంతా మేలైనది కాదు.

ఇది కేవలం టైర్ల ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. తడిసిన మలుపులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు అరిగిన బుష్ వెనుక చక్రాన్ని దానంతటదే తిప్పుతుంది. స్టీరింగ్ మన చేతిలోనే ఉన్నా, కారు వెనుక భాగం మన మాట వినదు. విక్టోరియాలో అమ్మకం వేళ, న్యూ సౌత్ వేల్స్‌లో 5 సంవత్సరాలు దాటిన కార్లకు ఏటా తనిఖీ ఉంది. కానీ తనిఖీ ఆ ఒక్క రోజు స్థితినే చెప్పగలదు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో అటువంటి కారును ఇంటికి తెస్తానంటే, వద్దని గద్దించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కారును ఎంత దించారు? దించిన తరువాత బుష్ బోల్టులను తిరిగి బిగించారా? వెనుక టైర్ల లోపలి అంచులు చూశావా? సమాధానాలు తెలియకపోతే, పిల్లలతోపాటు మీరూ వంగి ఆ టైరు లోపలి అంచును ఒకసారి తడిమి చూడండి.