పిల్లి శుభ్రంగానే ఉంది, మరి తామర ఎక్కడిది?

పిల్లాడి మెడ మీద గుండ్రటి ఎర్ర మచ్చ. అంచు కాస్త ఉబ్బి పొట్టు రాలుతోంది, మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. తామరేనని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారు. అనుమానమంతా పిల్లి మీద. తీరా దాన్ని ఒడిలో పెట్టుకుని వెతికితే ఎక్కడా బొచ్చు ఊడలేదు, పుండూ లేదు. అలాగని దాన్ని అప్పుడే వదిలేయడానికి లేదు.

పిల్లులకు తామర తెచ్చే శిలీంధ్రాల్లో ముఖ్యమైనది మైక్రోస్పోరమ్ కేనిస్. వెంట్రుకల్లోని కెరటినే దీని తిండి. ఇది పట్టిన వెంట్రుక పెళుసుబారి విరుగుతుంది. విరిగిన ప్రతి ముక్కతోనూ సిద్ధబీజాలు సోఫా మీదికీ, దుప్పట్లలోకీ చేరతాయి. ఏడాది దాటినా వాటిలో కొన్ని బతికే ఉండవచ్చు.

పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కదా, ఆ నాలుకే సగం ఆనవాళ్లు చెరిపేస్తుంది. చెవి మడతలోనో, కాలివేళ్ల సందునో ఉన్న చిన్న మచ్చ మన కంట పడదు. పర్షియన్ పిల్లుల పొడుగు బొచ్చులో అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని పిల్లులకు అసలు జబ్బే ఉండదు, మరో పిల్లి నుంచో గదిలోని దుమ్ము నుంచో అంటిన సిద్ధబీజాలను బొచ్చు మీద మోస్తుంటాయి, అంతే.

ఈ రెంటినీ వేరు చేయడానికి పశువైద్యులు వాడే పరికరం కొత్త టూత్‌బ్రష్! దాంతో ఒళ్లంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, కుచ్చును సాబురో అగార్ ప్లేటులో గుచ్చుతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్‌లో పిల్లల తలతామరను పరిశోధించిన రేమండ్ సాబురో పేరే ఈ మాధ్యమానికి పెట్టారు. కొద్ది రోజుల్లో తెల్లటి నూగు లేస్తుంది, ప్లేటు తిరగేస్తే అడుగున పసుపు రంగు. మైక్రోస్కోపు కింద దళసరి గోడలతో, కదురులా రెండు కొసలా సన్నబడిన బీజాలు కనిపిస్తే ఇక సందేహం లేదు. ప్లేటు నిండా మొలిస్తే జబ్బు ఉన్నట్టే లెక్క. ఒకటో రెండో మొలిచి, ఇల్లు శుభ్రం చేశాక మళ్లీ రాకపోతే అది మోసుకొచ్చిన దుమ్మే. అతినీలలోహిత కాంతినిచ్చే వుడ్స్ దీపం కింద జబ్బుపడ్డ వెంట్రుకలు చాలావరకు ఆకుపచ్చగా మెరుస్తాయి, ఉత్త దుమ్ము మెరవదు. అయితే జబ్బుపడ్డవన్నీ మెరవవు, అందుకే దీపం ఒక్కటే చాలదు.

జబ్బు తేలినా పిల్లిని వీధిలో వదిలేయాల్సిన పని లేదు. ఇట్రాకొనజోల్ మందు, దాంతోపాటు గంధకం కలిపిన సున్నపు నీటి స్నానాలు బాగా పనిచేస్తాయి. కుళ్లిన గుడ్ల కంపు భరించాలి మరి! మోతాదు పశువైద్యుడే చెప్పాలి.

అసలు మన దగ్గర పెద్దవాళ్ల గజ్జల్లో, నడుము చుట్టూ వచ్చే తామర చాలావరకు మనిషి నుంచి మనిషికి అంటుకునే ట్రైకోఫైటాన్ రకం శిలీంధ్రాలది, దానికి పిల్లితో పనే లేదు. నింద ఎవరి మీద వేసినా, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్ కలిసిన ట్యూబు మాత్రం రాయకండి. రెండు రోజులకే దురద తగ్గినట్టుంటుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది.